కాయ దిగితే చాలదు, మనిషీ క్షేమంగా దిగాలి

మన మామిడికుదురు మండలంలో పాశర్లపూడి మంటలను మరిచిపోయినవాళ్లు లేరు. 1995 జనవరిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండుసార్లూ కంపెనీలను నిలదీశాం. నిలదీయాల్సిందే. మరి మనం కబురుపెడితే వచ్చి, మన తోటలో 60 అడుగుల చెట్టెక్కే మనిషి భద్రత మాటేమిటి? అక్కడ కంపెనీ లేదు, సర్కారు లేదు. తోట మనది, పిలిచింది మనం.

దింపు మనిషి పడిపోతే పేపర్లో రెండు లైన్లు వస్తాయి. ఊళ్లో రెండు రోజులు చెప్పుకుంటారు. నడుము పడిపోయి మంచాన పడ్డ మనిషి ఇంట్లో మాత్రం అది జీవితాంతం ఉంటుంది.

లెక్క వేసి చూడండి. 60 అడుగుల నుంచి జారిన కాయ నేలను తాకడానికి రెండు సెకన్లు పట్టదు. అప్పటికి దాని వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటుతుంది. మనిషి జారినా అదే లెక్క. ఆ రెండు సెకన్లలో పట్టుకునేందుకు ఏమీ దొరకదు. ఏం చేసినా ఎక్కకముందే చేయాలి.

తొందర ఎవరిది?

చెట్టుకింత అని కూలి మాట్లాడుకుంటాం. ఎక్కువ చెట్లెక్కితేనే ఆ మనిషికి గిట్టుబాటు. అంబాజీపేటలో ధర కాస్త లేచిందని తెలిస్తే మనకూ కాలు నిలవదు. బండి గట్టు మీదికి వచ్చేసి ఉంటుంది. అప్పుడు మన నోట వచ్చే మాట ఒకటే: “ఇంకో పది చెట్లే కదరా అబ్బాయ్, కానిచ్చెయ్.” ఆయన “ఆయ్, అలాగేనండి” అంటాడు. కాదంటే వచ్చే దింపుకి పిలవరని భయం. చేతులు వణుకుతున్నా, తొడలు పట్టేసినా చెప్పడు. రాత్రి ఒళ్లు నొప్పులకని గ్లాసు పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ మత్తు పూర్తిగా దిగకుండానే తెల్లారి మళ్లీ చెట్టెక్కడం మరో ప్రమాదం. వాళ్లను తప్పుపట్టే ముందు ఆ ఒత్తిడిలో మన వాటా ఎంతో చూసుకోవాలి.

నా ఉద్దేశంలో మొదటి మార్పు ఇక్కడే రావాలి. పొద్దున్నే ఇన్ని చెట్లని అనుకుని, అవి అయ్యాక ఆపెయ్యండి. నాలుగైదు చెట్లకోసారి దిగి కూర్చోనివ్వండి, మంచినీళ్లివ్వండి. “ఇవాళ ఒంట్లో బాగోలేదండి” అంటే “పర్వాలేదు, రేపు చూద్దాం” అనండి. ఒక రోజు ఆలస్యమైతే కాయ కుళ్లిపోదు.

చెట్టు సంగతి రైతుకే తెలుసు

ఏ చెట్టు మొదట్లో ఎర్రటి బంక కారుతోందో, దేనికి ఎర్రముక్కు పురుగు పట్టి కాండం డొల్లయిందో తోట యజమానికి తెలుస్తుంది. గానోడెర్మా తెగులు ముదిరిన చెట్టు పైకి పచ్చగా కనబడుతూనే కూలిపోవచ్చు. అలాంటి చెట్లకు సున్నంతో గుర్తు పెట్టండి. అవి ఎక్కొద్దని మీరే చెప్పండి. కందిరీగలుంటే ముందే చూసి చెప్పాలి. కరెంటు తీగ దగ్గర చెట్టయితే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే ఎక్కించాలి. మంచుకీ వానకీ కాండం తడిసి నాచు పట్టిన రోజున ఎండ వచ్చి ఆరేదాకా ఆగాలి.

కింద మనుషులకూ ప్రమాదమే. పది పన్నెండు కాయల గెల పన్నెండు కిలోలకు తక్కువ తూగదు. పైన కత్తి ఆడుతుండగా ఆడవాళ్లు కాయలేరడం, పిల్లలు మట్టలు లాగడం మన తోటల్లో మామూలైపోయింది. పైవాడు “దిగిపోయానండి” అనేదాకా చెట్టు కిందికి ఎవరూ పోకూడదు. బొండాల గెలనైతే తాడు కట్టి దించుకోవడమే మేలు.

దిగిన కాయ మోయడంలోనూ నడుములు విరుగుతున్నాయి. బస్తాను మూతిదాకా కుక్కి ఒక్కడి నెత్తినే పెట్టొద్దు. సగం నింపి ఇద్దరు పట్టుకోవాలి. వంగి ఎత్తకూడదు. మోకాళ్లు మడిచి కూర్చుని, బరువును ఒంటికి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవాలి. బరువుతో నడుము మెలితిప్పకూడదు. పక్కకి తిరగాలంటే పాదాలతో తిరగాలి.

తాడు, బెల్టు, బీమా

కాళ్ల బంధం ఒక్కటే నమ్ముకుని ఎక్కేవాళ్లు ఇంకా ఉన్నారు. కాలు జారితే మనిషిని ఆపేది నడుముకి, చెట్టుకి కలిపి కట్టిన బెల్టు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువకులకు యంత్రంతో చెట్టెక్కే శిక్షణ మొదలుపెట్టింది. యంత్రం మంచిదే, కానీ దాని మీద ఉన్నా బెల్టు ఉండాల్సిందే. తెలంగాణలో 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షా కవచం పేరుతో ప్రభుత్వమే రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. తాటిచెట్టెక్కేవాడికి అక్కడ దొరికింది, కొబ్బరిచెట్టెక్కేవాడికి కోనసీమలో ఎందుకు దొరకకూడదు? మన ప్రజాప్రతినిధులను అడగాల్సిన ప్రశ్న ఇది. ఈలోగా నలుగురు రైతులు కలిస్తే ఒక బెల్టు కొనలేరా?

బోర్డు వారి ‘కేర సురక్ష’ బీమా చెట్టెక్కేవారి కోసమే. ప్రీమియంలో పెద్ద వాటా బోర్డుదే. మరణానికీ, శాశ్వత వైకల్యానికీ, ఆసుపత్రి ఖర్చుకీ అది ఆసరా. మిగిలిన ఆ కాస్త వాటా తోట యజమాని కడితే తప్పేం లేదు. వివరాలు ఉద్యాన అధికారినో, రైతు సేవా కేంద్రంలోనో అడగండి.

ఒకవేళ మనిషి పడిపోతే రెక్కలు పట్టి లేపి కూర్చోబెట్టొద్దు, మోటారు సైకిల్ మీద తీసుకుపోవద్దు. వెన్నుకి దెబ్బ తగిలి ఉంటే కదిలించడంతోనే కాళ్లు పడిపోవచ్చు. 108కి ఫోన్ చేసి, మెడ, నడుము కదలకుండా ఉంచండి.

“దింపుకి మనుషులు దొరకడం లేదు” అన్నది ఇప్పుడు ఏ రచ్చబండ దగ్గర విన్నా ఒకటే మాట. దొరకరు మరి. తండ్రి మంచాన పడింది చూసిన కొడుకు చెట్టెక్కుతాడా? మన కాయ దించేవాడు కావాలంటే, వాడు సాయంత్రం తన కాళ్ల మీద ఇంటికి వెళ్లేలా చూడాలి. వచ్చే దింపుకి కబురు పెట్టేటప్పుడు చెట్లెన్నో చెప్పడంతోపాటు, “బెల్టు తెచ్చుకున్నావా?” అని కూడా అడగండి. లేదంటే మీరు కొనివ్వండి.