చేయి పెట్టి చూడటం కూడా చదువే

తిరువళ్లూరు జిల్లా తిరుత్తణి, పళ్లిపట్టు పొలాల్లో పనిచేసే మనిషి వారంగా వదలని జ్వరంతో ఆసుపత్రికి వస్తే డెంగీ, టైఫాయిడ్, మలేరియా పరీక్షలకు చీటీ రాసెయ్యడం సులువు. అదే మనిషి చొక్కా విప్పించి చంకలు, నడుము, గజ్జలు వెతికితే నల్లగా చెక్కు కట్టిన చిన్న పుండు కనిపించవచ్చు. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి రోగి దాని ఊసెత్తడు. అందరిలోనూ కనిపించదు గానీ, కనిపిస్తే మాత్రం చవకైన డాక్సీసైక్లిన్ ఆ రోజే మొదలవుతుంది. ఆలస్యమైతే జబ్బు ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకవచ్చు.

ఈ చూపును నేర్పేదెక్కడ? 2022 జనవరి 12న తమిళనాడులో ఒకేసారి ప్రారంభమైన 11 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తిరువళ్లూరుది ఒకటి. 2019 నుంచి అమల్లో ఉన్న ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక నైపుణ్యాల ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది, మొదటి ఏడాదిలోనే రోగుల పరిచయం ఉండాలంది. కాగితం మీద లోటు లేదు. లోటంతా మార్కులు వేసే తీరులో ఉంది. విద్యార్థి రోగిని పరీక్షించి వచ్చి అప్పజెప్పింది వినడమే ఎక్కువ, పరీక్షిస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడటం తక్కువ. కడుపు నొక్కకుండానే నొక్కినట్టు చెప్పినా ఆ పద్ధతిలో నెగ్గుకు రావచ్చు.

ఈ లోటు మన ఒక్కరిదే కాదు. 1997లో అమెరికాలో శిక్షణలో ఉన్న వైద్యులకు గుండె చప్పుళ్లు వినిపిస్తే వాళ్లు సరిగా గుర్తుపట్టింది అయిదింట ఒకటి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన అబ్రహాం వర్గీస్, ఆయన సహచరులు 2015లో శారీరక పరీక్షలో లోపం వల్ల జరిగిన 208 పొరపాట్లను సేకరించారు. వాటిలో 63 శాతం అసలు పరీక్షే చెయ్యనివి. వైద్యులు తమంతట తాము చెప్పిన ఉదంతాలు గనుక ఇలాంటివి ఎంత తరచుగా జరుగుతాయో ఈ లెక్క చెప్పదు. అయినా అలవాటే లేని చోట పుస్తక జ్ఞానం అక్కరకు రాదని మాత్రం తేలుస్తుంది.

స్కానింగులు ఉండగా ఇంకా స్టెతస్కోపేమిటన్న ప్రశ్నలో న్యాయం ఉంది. 1968లో తిరువళ్లూరు చుట్టుపక్కల మొదలైన బీసీజీ టీకా పరిశోధనలో క్షయను పట్టింది ఎక్స్‌రే, కఫం పరీక్షలే. ఛాతీ విని క్షయ లేదని తేల్చెయ్యడం ప్రమాదం. కానీ నేల మీద పడుకున్నవాడిని కట్లపాము కాటేస్తే గాటు కనిపించకపోవచ్చు. వాలిపోతున్న కనురెప్పలే ఆనవాలు. దాన్ని పట్టేది మనిషి కన్నే. ఏ యంత్రం దగ్గరికి పంపాలో తేల్చేదీ ముందుగా చేసే శారీరక పరీక్షే.

పేద రోగిని నేర్చుకునే బొమ్మ చేస్తారన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. పదిమంది వరసగా ఒకే కడుపు నొక్కడం చదువు కాదు, హింస. తొలి తప్పులన్నీ ల్యాబ్ బొమ్మల మీదే జరిగిపోవాలి. మంచం దగ్గర రోగి అనుమతి, చుట్టూ తెర, ఆడవాళ్లకు తోడుగా మరో స్త్రీ తప్పనిసరి. తిరుత్తణిలో ఆ అనుమతిని తమిళంలోనే కాదు, తెలుగులోనూ అడగగలగాలి.

నర్సింగ్, ఫిజియోథెరపీ, సిద్ధ వైద్య విద్యార్థులకూ శారీరక పరీక్ష నేర్పితే హద్దు మీరుతారని కొందరి భయం. గుర్తుపట్టడం వేరు, చికిత్స నిర్ణయించడం వేరు. రాత్రి వార్డులో రోగికి ఎక్కువసేపు దగ్గరుండేది నర్సు. ఎగశ్వాసను లెక్కపెట్టి డాక్టర్ని పిలవడం ఆమె పనే. అందుకే కనీస పరీక్షలను అందరికీ కలిపి నేర్పాలి, తిరుత్తణి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో నేర్పాలి, ప్రతి విద్యార్థి చేతిపనినీ అధ్యాపకుడు స్వయంగా చూసి మార్కు వెయ్యాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. అధ్యాపకుల సమయం కావాలి, ఆ సమయాన్ని పనిగంటల్లో కలిపి లెక్కగట్టే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి.