జూనియర్ లాయర్‌కూ ఒక టికెట్
అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఏ మెట్లెక్కినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. పంజాగుట్ట వైపు నడిస్తే విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఇంజినీరింగ్ పిల్లల్ని విమానం ఎక్కించడానికి ఇన్ని ఏర్పాట్లున్న ఈ వీధుల్లోనే హాస్టల్ గదిలో ఉంటూ, నల్లకోటు చేతిమీద వేసుకుని మెట్రోలో నాంపల్లి కోర్టుకు వెళ్లే జూనియర్ లాయర్‌ను పట్టించుకునేవారు లేరు. విదేశంలో న్యాయ సదస్సుకు పిలుపొచ్చినా టికెట్టు, వీసా, బస ఖర్చులు లెక్కేసుకుని ఆశ వదులుకోవాల్సిందే. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలివ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది; అదీ సిఫార్సే, తప్పనిసరేం కాదు. మరోవైపు, 2021 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ చొరవతో, వ్యాపార వివాదాలను కోర్టు బయట తేల్చే అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం హైదరాబాద్‌లో తెరిచాం. రేపు అక్కడ వాదించాల్సింది మన పిల్లలే. సింగపూర్‌లో, లండన్‌లో కంపెనీల తగాదాలు ఎలా తేలుస్తున్నారో కళ్లారా చూడకుండా, పైదేశాల లాయర్లతో మాట కలపకుండా ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? సీనియర్లు, బార్ అసోసియేషన్లు కలిసి ఒక నిధి పెట్టాలి. ఏటా కొందరినైనా, ముఖ్యంగా ఇంట్లో తొలిసారి నల్లకోటు వేసుకున్నవాళ్లను, విదేశీ సదస్సులకు పంపాలి. తిరిగొచ్చాక విన్నదంతా తోటి జూనియర్లకు చెప్పించాలి. కేంద్రం తెరిచినంత శ్రద్ధతో అందులో నిలబడి వాదించే మనుషుల్నీ తయారుచేసుకోవాలి.