ఈక చెప్పు సాక్ష్యము

న్యాయస్థానమున సాక్షులు తడబడుదురు, భయపడుదురు, ఒక్కొకప్పు డమ్ముడుపోవుదురు. ఈక యీ లోపముల నెఱుగదు. డేగ, గద్ద, రాబందు మున్నగు పక్షులను పట్టి యమ్మినారను నభియోగములన్నిటను డి.ఎన్‌.ఏ. పరీక్షను తప్పనిసరి చేయవలెనని మా యభిప్రాయము.

ఈ పరీక్ష రెండు ప్రశ్నలకు సమాధాన మొసగును. మొదటిది జాతి. తలలేని కళేబరమైనను, కోసిన మాంసమైనను, ఒంటి యీకయైనను ఏ పక్షిదో దాని జన్యువులు తెలుపును. రెండవది వంశము. బ్రిటనులో 1990 దశకమున కొందఱు డేగపిల్లలను చూపి, యివి మా పంజరములలో పుట్టినవేయని వాదించిరి. ఆ పిల్లలు వారు చూపిన జంటల సంతానము కావని పరీక్షలో తేలినది, శిక్షలును పడినవి.

ఈ విద్య మనకు పరాయిది కాదు. జాతిని గుర్తించుటకు ఎల్ల ప్రాణులకును పనికివచ్చు పద్ధతి నొకదానిని 2003లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు సునీల్‌ కుమార్‌ వర్మ, లాల్జీ సింగులు ప్రకటించిరి. ఆ సంస్థకు చెందిన లాకోన్స్‌ ప్రయోగశాల అటవీశాఖ పంపు నమూనాలను పరీక్షించి నివేదికల నిచ్చుచున్నది.

కొఱత ప్రయోగశాలయందు లేదు, మన తావులందున్నది. పాపికొండలలోనో, కోరింగ మడయడవులలోనో దొరకిన యీక తడిసిన ప్లాస్టికు సంచిలో కుళ్లినను, సీలు చెదరినను, ఎవరిచేతినుండి యెవరిచేతికి పోయెనో వ్రాత లేకున్నను, ఎంతటి శాస్త్రజ్ఞుని నివేదికయైనను నిలువదు. పెద్దాపురము కోర్టులో వాదించు మావంటి వకీలు దానిని గడియలో కొట్టివేయించును.

ఇందు పేదవాని బ్రతుకును ముడివడియున్నది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టము 57వ సెక్షను ప్రకారము, వన్యప్రాణి మాంస మెవనియొద్ద దొరకునో వాడే తన నిర్దోషిత్వమును నిరూపించుకొనవలెను. మొదటి షెడ్యూలులోని ప్రాణియైనచో మూడేండ్లకు తక్కువ కాని చెఱ. అట్టియెడ ఏజెన్సీ కూలివాని సంచిలోనిది గద్దమాంసమో కోడిమాంసమో తేలకుండనే వానిని నిర్బంధించుట న్యాయమా? అది వన్యప్రాణిదని ముందుగా సర్కారే నిరూపింపవలదా?

కావున ప్రతి రేంజి కార్యాలయమునను కాగితపు కవరులు, సీళ్లు, చేతిమార్పు రిజిష్టరు, శిక్షణపొందిన యుద్యోగి యుండవలెను. పరీక్ష వ్యయమును ప్రభుత్వమే భరింపవలెను. నివేదిక ప్రతి ముద్దాయికి వెంటనే యందవలెను. పక్షికి నోరు లేదు. పేదవానికి నోరున్నను వినువారు లేరు. ఇరువురికిని పనికివచ్చు సాక్షిని సంచిలో కుళ్లనిచ్చుట తగదు.