మోకాటి శస్త్రచికిత్స - బస్తాల బరువు

మోకాటికి శస్త్రచికిత్స జరిగిన రైతు, గాయము మానినంతనే బస్తా నెత్తఁబూనుట తగదు. చర్మము త్వరగా మానును. తొడకండరము బలపడుటకు నెలలు పట్టును. అంతవఱకు భారము కీలుపైఁ బడును. వైద్యుఁ డనుమతించిన పిదప, మొదట పరుండి కాలు చాఁచి యెత్తుట, పిమ్మట కుర్చీనుండి లేచుట, ఆపై స్వల్పభారము - ఇది క్రమము. మఱునాఁడు వాపు గనఁబడినచో భారమును దగ్గింపవలెను. మోకాలు మెలిపెట్టక పాదములతోడనే తిరుగవలెను.

అయినను దోషమంతయు రైతుది కాదు. ఆరోగ్యవంతుఁడగు పురుషునకు సైతము 55 కిలోలు మించరాదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సూచించెను. మన కోస్తాలో ధాన్యపు బస్తా యనఁగా 75 కిలోలు! యూరియా సంచిని 2018లో 50 నుండి 45 కిలోలకుఁ దగ్గించిరి గదా. మన సంఘములును విత్తనములను చిన్న సంచులలోఁ గట్టించుటయు, గిడ్డంగికడ తోపుడుబండి నుంచుటయు ధర్మమని మా యభిప్రాయము.