అంతర్జాల పటాలలో స్థలనామాలు – అనువాద ఔచిత్యం

స్థలనామ పరిశోధన తెలుగులో కొత్త విషయం కాదు. కడప జిల్లా ఊర్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి, నెల్లూరు జిల్లా గ్రామనామాలపై యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన కృషి ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు సుపరిచితమే. అయితే ఊరి పేరు లిఖితరూపంలో స్థిరపడే చోటు నేడు మారింది. 2004లో ఇంగ్లండులో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే అంతర్జాల పటంలో ఎవరైనా స్థలనామాన్ని చేర్చవచ్చు, సవరించవచ్చు. అక్కడి సమాచారాన్ని ఇతర పటాలు ఉచితంగా గ్రహించవచ్చు. కనుక అక్కడ జరిగిన పొరపాటు అక్కడితో ఆగదు.

ఈ పటంలో ప్రతి స్థలానికీ ప్రధాన నామంతో పాటు భాషల వారీగా వేర్వేరు గడులున్నాయి. భారతదేశంలో ప్రధాన నామం ఎక్కువగా ఆంగ్లలిపిలోనే ఉంటుంది. తెలుగు గడిని నింపదలచినవారికి ఆ ఆంగ్లరూపాన్నే యంత్రసహాయంతో తెలుగు లిపిలోకి మార్చడం సులభమార్గంగా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆంగ్లలిపి త-ట, ద-డ, న-ణ, ల-ళ భేదాలను గాని, హ్రస్వదీర్ఘ భేదాన్ని గాని నియతంగా చూపదు. ఆ దారిన తణుకు 'తనుకు' కావచ్చు. గూడూరు 'గుడుర్' కావచ్చు. పండరంగని శాసనంలోని తరువోజ వల్ల ఛందశ్చరిత్రలో స్థానం పొందిన అద్దంకి 'అడ్డంకి' కావచ్చు. భువనగిరికి బదులు 'భోంగిర్' మిగలవచ్చు.

అనువాదం మరొక ప్రమాదం. కొల్లేరు సరస్సు అన్నప్పుడు సరస్సు అనేది జాతివాచకం. అది భాషను బట్టి మారవచ్చు, కొల్లేరు మారరాదు. బంజారాహిల్స్‌ను 'బంజారా కొండలు' అని మారిస్తే భాషాభిమానం తృప్తి చెందవచ్చు గాని, హైదరాబాదు జనవ్యవహారంలో లేని పేరు పటానికెక్కుతుంది.

ప్రాచీనులు స్థలనామాలను అనువదించలేదా అన్న ప్రశ్న రావచ్చు. అనువదించారు. ఓరుగల్లు సంస్కృతంలో ఏకశిలానగరమైంది. అయితే ఆ పేరు సంస్కృత రచనలలో వాడుకై నిలిచిందే గాని, ఓరుగల్లును తొలగించలేదు. నేటి పటంలోనూ ఈ వివేకానికి అవకాశముంది. వరంగల్ తెలుగు గడిలోను, ఓరుగల్లు పూర్వనామంగాను, ఏకశిలానగరం సంస్కృతపు గడిలోను చేరవచ్చు. ఒకదాని స్థానంలో మరొకదానిని నిలపడమే దోషం.

గడి ఖాళీగా ఉండడం కంటె యంత్రం ఇచ్చిన రూపమైనా మేలని కొందరు వాదించవచ్చు. ఈ వాదం అంగీకారయోగ్యం కాదు. ఖాళీ గడిని చూచినవారు పేరు తెలుసుకోవడానికి ఊరివారిని అడుగుతారు. నిండిన గడిని చూచినవారికి అడగవలసిన అవసరమే తోచదు. పెద్ద పట్టణం పేరు తప్పుపడితే దిద్దేవారు పలువురుంటారు. నాలుగిళ్ల పల్లెకు, ఏటి ఒడ్డు లంకకు అట్టివారు అరుదు. భాషాచరిత్రకు విలువైన పూర్వపదాలు నిలిచి ఉన్నవి ఎక్కువగా అట్టి చిన్న ఊర్ల పేర్లలోనే.

కావున ఈ పని యంత్రానికి గాని, కేవల ఉత్సాహానికి గాని విడువదగినది కాదు. ప్రాచ్య కళాశాలల విద్యార్థులు తమ తమ మండలాల ఊర్ల పేర్లను స్థానికుల ఉచ్చారణతోను, రైల్వే, పంచాయతీ నామఫలకాలతోను సరిచూచి నమోదు చేయవచ్చు. కైఫియత్తులలో, శాసనాలలో కనిపించే రూపాలను పూర్వనామాలుగా చేర్చవచ్చు. వాడుకరూపానికే ప్రథమస్థానం దక్కాలి. లిపిభేదాలు, శబ్దవ్యుత్పత్తి తెలిసినవారు ఉపేక్షిస్తే, తెలియనివారు వ్రాసిన రూపమే రాబోయే తరాలకు ప్రమాణమవుతుంది.