చెయ్యి ఖరీదు ఎంత?

పత్తి సీజను మొదలైందంటే చిలకలూరిపేట చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో పగలూ రాత్రీ తేడా ఉండదు. మిషన్ల హోరులో పక్కవాడి మాట వినపడదు. రోలర్ల దగ్గర ఇరుక్కున్న పత్తిని మిషను ఆపకుండానే చేత్తో లాగేస్తుంటారు. రోజూ ఏమీ కాదు. ఏదో ఒకరోజు అవుతుంది.

అలా దెబ్బతిన్న ఒకాయన్ని ఈమధ్య కలిశాను. నలభై ఏళ్లుంటాయి. కుడిచేతికి బొటనవేలు తప్ప మిగతా నాలుగూ లేవు. ఆస్పత్రి ఖర్చంతా యజమానే పెట్టుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు ఇరవై వేలు చేతిలో పెట్టి, ఇక ఏ బాకీ లేదని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు.

"పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడండీ? మా ఖర్మ" అంది ఆయన భార్య.

ఖర్మకు లెక్క లేదేమో గానీ, వేళ్లకు ఉంది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలోనే ఆ పట్టిక ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, మొత్తం చెయ్యే పోతే 60. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. పరిహారం కట్టే పద్ధతి మాత్రం మారలేదు.

మన మిల్లు కార్మికుడి జీతం నెలకు పదివేలు అనుకుందాం. అందులో 60 శాతం ఆరువేలు. నలభై ఏళ్ల వయసుకు చట్టం చెప్పిన గుణకం 184.17. రెండూ హెచ్చవేస్తే 11,05,020 రూపాయలు. అందులో సగం 5,52,510. ఆయనకు ముట్టింది ఇరవై వేలు!

ఈ పట్టిక కూడా ఆఖరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో 1968లో ఒక సినిమా హాల్లో పనిచేస్తూ ఓ వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పోయింది ఒక చెయ్యే కాబట్టి పూర్తి వైకల్యం కిందికి రాదన్నాడు యజమాని. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడని సుప్రీంకోర్టు 1975లో నూరు శాతం నష్టం కిందే లెక్కగట్టింది. ఏం తెగిందన్నది ఒక్కటే కాదు, ఏ పని చేసుకోలేకపోతున్నాడన్నదీ చూడాలన్నమాట.

సముద్రం మీద పనిచేసేవారిదీ ఇదే గొడవ. 1923 చట్టంలో నావికులకు ప్రత్యేకంగా 15వ సెక్షను ఉండేది. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఒప్పందాలున్న ఓడల్లో, వైకల్యం 50 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఇక ఓడ పనికి పనికిరాడని పూర్తి పరిహారం ఇస్తారు. నడుం పట్టేసినవాడు ఒడ్డున కూర్చుని లెక్కలు రాయగలడేమో గానీ, ఊగే డెక్కు మీద తాళ్లు లాగలేడు కదా!

మరి మనవాళ్లు ఏం చెయ్యాలి? ప్రమాదం సంగతి వెంటనే యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. డిశ్చార్జి కాగితాలు, జీతానికి రుజువులు దాచుకోవాలి. రెండేళ్లలోగా కార్మిక శాఖ అధికారి దగ్గర క్లెయిము వెయ్యాలి. పనిచేసిన ఊరికే వెళ్లక్కర్లేదు, ఉంటున్న చోటే వెయ్యొచ్చు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదు. ఈఎస్‌ఐ కార్డున్నవారికి మాత్రం దారి వేరు. ఆ సంస్థే నెలనెలా సొమ్మిస్తుంది. రెండుచోట్లా అడగడానికి వీల్లేదు.

ఇదంతా చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"మా పెద్దోణ్ణి ఈ సీజనుకి అదే మిల్లులో పెట్టుకుంటామన్నారండీ. ఇప్పుడు కేసంటే..."

ఆయన భయాన్ని తీసిపారెయ్యలేను. చిన్న ఊరు, నాలుగు మిల్లులు, అందరికీ అందరూ తెలుసు. కానీ ఆ పెద్దోడు నిలబడబోయేదీ ఆ రోలర్ల దగ్గరే. చెయ్యి ఖరీదు ఇరవై వేలే అయితే, మిషనుకు అడ్డు కట్టించాలని ఏ యజమానికి మాత్రం తోస్తుంది?

బయటికొస్తుంటే ఆయన భార్య పెట్టెలోంచి ఆస్పత్రి కాగితాల కవరు తీసింది. తేదీ చూశాను. ప్రమాదం జరిగి పద్నాలుగు నెలలు. ఇంకా పది నెలల గడువుంది.