వర్టిగో ముగింపు - జూడీ ఎందుకు పడిపోయింది?

హిచ్‌కాక్ తీసిన వర్టిగో (1958) చూసినవాళ్ళు చాలామంది చివర్లో అడిగేది ఒకటే - "అదేంటి, నన్‌ని చూసి పడిపోవడమేంటి?" మొదటిసారి చూస్తే అర్ధాంతరంగా అయిపోయినట్టే ఉంటుంది. నాకు మాత్రం ఆ కథకి అంతకన్నా సరైన ముగింపు లేదనిపిస్తుంది. సినిమా చూడనివాళ్ళు ఇక్కడితో ఆపేసి, చూసొచ్చి చదువుకోండి :)

ముందు చిక్కుముడి విప్పేద్దాం. స్కాటీ (జేమ్స్ స్టీవర్ట్) శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం మానేసిన డిటెక్టివ్. ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. కాలేజీ స్నేహితుడు ఎల్‌స్టర్ తన భార్య మాడలిన్ మీద కన్నేసి ఉంచమంటే, ఆవిడ్నే ప్రేమించేస్తాడు. ఆవిడేమో చర్చి గోపురం మీంచి పడి చచ్చిపోతుంది. కొన్నాళ్ళకి అచ్చం అలాగే ఉన్న జూడీ (కిమ్ నొవాక్) కనిపిస్తుంది. అసలు సంగతేంటంటే, స్కాటీ ప్రేమించింది జూడీనే. డబ్బుకోసం మాడలిన్‌లా నటించింది. కిందపడింది ఎల్‌స్టర్ చంపి తోసేసిన అసలు భార్య. స్కాటీ పైదాకా ఎక్కలేడు కాబట్టే అతన్ని సాక్షిగా ఎంచుకున్నాడు.

తమాషా ఏంటంటే, హిచ్‌కాక్ ఈ గుట్టు చివరిదాకా దాచలేదు. సినిమా మూడోవంతు మిగిలుండగానే మనకి చెప్పేశాడు. అంటే "ఎవరు" అన్నది అసలు ప్రశ్నే కాదన్నమాట.

మరి ప్రశ్నేంటి? జూడీని జూడీగా స్కాటీ ఎప్పుడైనా చూస్తాడా అని. చూడడు. బూడిదరంగు సూటు, జుట్టుకి రంగు, ముడి.. అన్నీ మార్పిస్తాడు. మన భాషలో చెప్పాలంటే, ఎల్‌స్టర్ రాసిన స్పెక్ పట్టుకుని మళ్ళీ బిల్డ్ చేస్తున్నాడు. ఆ పిల్ల కూడా ప్రేమిస్తాడేమోనన్న ఆశతో ఒప్పుకుంటుంది.

నెక్లెస్‌తో దొరికిపోయాక, స్కాటీ ఆమెని అదే గోపురం పైకి ఈడ్చుకెళ్తాడు. ఈసారి పైదాకా ఎక్కేస్తాడు. అప్పుడు చీకట్లోంచి ఒక నల్లటి ఆకారం లేస్తుంది. మాటలు వినపడి వచ్చిన నన్, అంతే. జూడీ భయంతో వెనక్కి అడుగేసి పడిపోతుంది.

నా ఉద్దేశంలో అది ఆత్మహత్య కాదు. ఆ చోటే చచ్చిపోయిన అసలు మాడలిన్ వచ్చిందనుకుంది. ఇంతసేపూ స్కాటీ చచ్చిపోయిన మనిషిని బతికున్న పిల్లలో వెతికాడు. చివరి క్షణంలో జూడీ బతికున్న మనిషిని చూసి చచ్చిపోయినామె అనుకుంది. పొరపాటు ఒకటే, మనిషి మారాడు.

ఎల్‌స్టర్ కోసం యూరప్‌లో వెతుకుతున్నారని రేడియోలో చెప్పే ముగింపు సీను కూడా ఒకటి తీశారు. సినిమాలో అది లేదు, మంచిపనైంది. స్కాటీకి కళ్ళు తిరగడం తగ్గింది. కిందకి చూడగలుగుతున్నాడు. చూడ్డానికి అక్కడ ఉన్నది మాత్రం జూడీ శవమే.